నూట ఇరవై ఎడమ చేతులు

కళ్ళలో మూడోసారి చుక్కలు వేసి, మూసుకుని కూర్చోండమ్మా, గంటలో డాక్టరు గారు పిలుస్తారు, అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. మూసుకోమన్నాక తెరవాలనిపించడం నా పుట్టుబుద్ధి కాబట్టి తెరిచాను. ఎదురుగా గోడ, గోడ మీద గడియారం, దాని కింద వరుసగా కూర్చున్న మనుషులు, అన్నిటికీ అంచులు ఊడిపోయి ఒకదాంట్లోకి ఒకటి కారిపోతున్నాయి. అంచు లేని లోకం నాకు కొత్త. నలభై ఏళ్ళుగా నేను తిన్న తిండి అంచుల మీద సంపాదించిందే, సుద్దగీత ఎక్కడుంటే కత్తి అక్కడే పోవాలి, వెంట్రుకవాసి ఇటు కాదు, అటూ కాదు. ఇప్పుడు నా చేతి వేళ్ళే నాకు లెక్కకు అందడం లేదు, ఐదు ఉన్నాయని నమ్మకం మీద అనుకోవడమే. పక్కన నా ఆడపడుచు కాగితాలు తిరగేస్తున్న చప్పుడు. మా ఆయన చెల్లెలు, పెళ్ళీ వద్దు పెటాకులూ వద్దని పోస్టాఫీసులో ముప్పై ఐదేళ్ళు ముద్రలు గుద్ది రిటైరయి, ఆయన పోయాక పదకొండేళ్ళుగా నాతోనే ఉంటోంది. చుక్కలు వేశాక ఒంటరిగా వెళ్ళకూడదు, తోడెవరినైనా తెచ్చుకోండి అన్నారని వెంట వచ్చింది. తోడు వచ్చినవాళ్ళు ఊరుకుంటారా, రిక్షా దిగినప్పటినుంచీ నాకు మెట్టుందీ, గుమ్మముందీ, కుర్చీ ఉందీ అని చెప్తూనే ఉంది, అప్పటికింకా చుక్కలే వెయ్యలేదు.

ఆవిడకి తెలియని సంగతి ఒకటుంది, నేనిక్కడికి వచ్చింది కళ్ళ కోసం కాదు. నూట ఇరవై ఎడమ చేతుల కోసం. నవ్వొస్తుంది కానీ నవ్వే విషయం కాదు. మాది చొక్కాలు కుట్టే కార్ఖానా, నేను అక్కడ కటింగ్ మాస్టరుని, అందరూ మాస్టరుగారు అంటారు. పొడుగాటి బల్ల మీద గుడ్డని పొరలు పొరలుగా పరుస్తాం, అరవై పొరలు, పైన ముక్క ఆకారంలో కోసిన అట్ట పెట్టి సుద్దతో గీత గీస్తాం, కరెంటు కత్తితో ఒక్క కోతకి అరవై ముక్కలు. చొక్కా చేతికి ఒకే అట్ట ఉంటుంది, దానితో ఎడమది గీస్తాం, తర్వాత అట్టను తిరగేసి కుడిది గీస్తాం. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు, పనిలో చేరిన మొదటి వారంలో ఎవరికైనా వచ్చేస్తుంది. నేను తిరగెయ్యలేదు. పెట్టిన అట్టను పెట్టినట్టే పక్కకి జరిపి మళ్ళీ గీశాను. కత్తి నడిపాను. అరవై చొక్కాలకి నూట ఇరవై ఎడమ చేతులు తయారయ్యాయి. రెండు వైపులా ఒకేలా ఉండే గుడ్డ అయితే సగం తిరగేసి గండం గట్టెక్కేదాన్ని, ఇది పైన నునుపు, లోపల గరుకు, దేవుడే దిగొచ్చినా తిప్పడానికి లేదు. మధ్యాహ్నం మిషన్ల దగ్గర ఒకమ్మాయి చెయ్యి అతికించబోయి, ఇదేంటి మాస్టరుగారూ ఇది కూడా ఎడమదే వచ్చింది అన్నప్పుడు, తేలిగ్గా, కట్టలో కలిసిపోయుంటుంది చూడు అన్నాను. ఆమె కట్టంతా చూసింది. ఆ తర్వాత అందరూ చూశారు. ఇరవై మిషన్లూ ఒక్కసారి ఆగిపోతే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఆ రోజే తెలిసింది.

అక్కడిదాకా తప్పు. తప్పులు జరుగుతాయి, నా చేతిమీదుగా ఎన్ని లక్షల ముక్కలు పోయాయో, ఒక రోజు ఒక అట్ట తిరగబడలేదు, అంతే కదా. కానీ మా చిన్నమేడం, పాత ఓనరుగారి కూతురు, నా బల్ల కింద ముక్కలతో ఆడుకుని పెరిగిన పిల్ల, ఇప్పుడు జుట్టు ముడేసుకుని కార్ఖానా అంతా నడుపుతోంది, ఆ పిల్ల వచ్చి ఎడమ చేతుల కట్ట వైపు చూసి, నా వైపు చూసి, ఏమైంది మాస్టరుగారూ అని మెల్లగా అడిగింది. అరిచినా బాగుండేది. మెల్లగా అడిగేసరికి నోరు జారింది. ఈమధ్య కళ్ళు మసగ్గా ఉంటున్నాయమ్మా, అట్ట మీద ఎడమ కుడి గుర్తు కనపడలేదు, అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. నా కళ్ళకి ఏ మసకా లేదు, సూదిలో దారం మొన్న కూడా నేనే ఎక్కించాను. ఆ పిల్ల మొహం మెత్తబడింది. ముందు డాక్టరుకి చూపించుకోండి, కళ్ళే అయితే బొత్తాల దగ్గర కూర్చునే పని చూద్దాం, కళ్ళు బాగుంటే అప్పుడు మాట్లాడదాం, అంది. అదీ సంగతి. కళ్ళు చెడిపోయాయంటే నా బల్ల పోతుంది గానీ మర్యాద నిలబడుతుంది, పాపం వయసు మీదపడింది అంటారు. బాగున్నాయంటే అబద్ధం బయటపడుతుంది, ఇంత చేసీ బల్ల ఉంటుందన్న నమ్మకమూ లేదు. లోపల డాక్టరు ఏం చెప్పాలని నేను కోరుకోవాలో నాకే తెలియకుండా కూర్చున్నాను. ఈ ఆస్పత్రిలో కళ్ళు బాగుంటాయేమోనని భయపడుతున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

"వదినా, ఇది విను," అంది ఆడపడుచు. "ముదిమిని చిరునవ్వుతో స్వాగతించండి, పది చిట్కాలు." బల్ల మీద పాత పత్రికలుంటే ఈవిడ చేతులు ఊరుకోవు. "మొదటిది, పొద్దున్నే అద్దంలో మిమ్మల్ని మీరు చూసుకుని నవ్వండి. నువ్వు నవ్వుతావా?"

"నవ్వకేం, అద్దంలో మొహం చూస్తే నవ్వు దానంతటదే వస్తుంది," అన్నాను.

స్వాగతించాలట. అదేమన్నా గుమ్మంలో నిలబడి పిలుపు కోసం చూస్తుందా, ఎప్పుడొచ్చిందో తెలియకుండా వచ్చి నా మోకాళ్ళ మీద కూర్చుంది, తర్వాత నడుములోకి పాకింది, పేర్లు మర్చిపోయేలా చేసింది, వంటింట్లోకి ఎందుకొచ్చానో తెలియక నిలబడిపోయేలా చేసింది. నేను ఏడ్చానా? ఏడవలేదు. ఆ మాటకొస్తే పది చిట్కాలు రాసినవాడికి నేనే ఇంకో పది చెప్పగలను. చిన్నప్పుడే అమ్మ పోతే ఏడవలేదు, తమ్ముళ్ళకి లాగులు కుట్టాను, అదే పనయింది. కార్ఖానాలో చేరినప్పుడు కటింగ్ బల్ల దగ్గర అందరూ మగవాళ్ళే, ఆడదాని చేతికి కత్తి ఇస్తే గుడ్డ దండగ అన్నారు, వాళ్ళ మొహాన నవ్వుతూ మూడు నెలల్లో అందరికంటే తక్కువ తునకలు వదిలాను. పెద్ద ఓనరుగారు నా బల్ల కింద తునకల సంచీ ఎత్తి చూసి, ఇంతేనా అన్నారు, ఆ ఒక్క మాట మీద ఇరవై ఏళ్ళు నడిచాను. నా మీద నాకు నమ్మకం ఎక్కువ, అందరూ అదే అంటారు, పొగరు అనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళన్నదీ నిజమే. కష్టం వచ్చిందా, చెంగు దోపి నిలబడు, నవ్వు, పని చెయ్యి. ఇది నేను ఏ పత్రికలోనూ చదవలేదు. ఇన్నాళ్ళూ అది పనికొచ్చింది కూడా.

ఒక్కసారి పనికి రాలేదు. మా ఆయన గోడలకి రంగులు వేసేవారు, నిచ్చెన మీదినుంచి పడ్డారు, రెండేళ్ళు మంచంలోనే ఉన్నారు. ఆ రెండేళ్ళు నేను నవ్విన నవ్వు లోకంలో ఎవరూ నవ్వి ఉండరు. పొద్దున నవ్వుతూ మొహం కడిగేదాన్ని, సాయంత్రం నవ్వుతూ కాళ్ళు పట్టేదాన్ని, చూడ్డానికొచ్చినవాళ్ళు ఈవిడ గుండె ధైర్యం చూడండి అని చెప్పుకుంటూ పోయేవాళ్ళు, నాకు అదొక బలం. ఒక మధ్యాహ్నం దుప్పటి మారుస్తూ, వచ్చే నెలకి మీరు లేచి కూర్చుంటారు, రాసిపెట్టుకోండి, అన్నాను నవ్వుతూ. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. కాసేపు నవ్వడం ఆపవే, అన్నారు. నాకు భయంగా ఉంది, నువ్వట్లా నవ్వుతుంటే ఇంట్లో నేనొక్కణ్ణే భయపడుతున్నట్టుంది. దుప్పటి సగం మడత చేతిలో ఉంది, అలాగే మంచం పట్టె మీద కూర్చుండిపోయాను. నాకూ భయంగానే ఉందండీ, అన్నాను. ఆ మాట అప్పటిదాకా నాకు నేను కూడా చెప్పుకోలేదు. ఎంతసేపు కూర్చున్నామో, పక్కింటి వాళ్ళ కుళాయి కారుతూనే ఉంది, ఎవరూ కట్టెయ్యలేదు. చివరికి ఆయనే అన్నారు, ఇద్దరం భయపడుతుంటే కాస్త నయంగానే ఉందోయ్. అప్పుడు వచ్చింది నవ్వు, ఇద్దరికీ, దేనికో తెలియకుండా, ఆయన నడుం నొప్పి పుట్టి ఇక చాలు చాలు అనేదాకా. ఆ రోజునుంచి ఆయన పోయేదాకా మా మధ్య దాపరికం లేదు, భయం వేస్తే భయమన్నాం, ఆకలేస్తే ఆకలన్నాం. ఆ చివరి నెలలు నా జీవితంలో మంచి నెలల్లో కొన్ని, ఎవరితోనూ అనలేదు, అంటే పిచ్చిదంటారు.

"వదినా, నిద్రపోయావా?"

"లేదు. రెండో చిట్కా ఏంటి?"

"మీ వయసును పట్టించుకోకండి, వయసు కేవలం ఒక అంకె మాత్రమే, అంట."

అంకె మాత్రమేనట. ఆ రోజు కార్ఖానాకి వచ్చిన పెద్దమనిషి కూడా అంకే కదా చూశాడు. ఇదిగో, ఇది ఒప్పుకోవడానికి గంట పట్టింది నాకు, కళ్ళు మసకేస్తే గానీ కనపడలేదు. ఆ చేతులు కోసిన రోజు పొద్దున చొక్కాలు ఆర్డరిచ్చిన పెద్దమనిషి కార్ఖానా చూడ్డానికి వచ్చాడు, చిన్నమేడం వెంట ఉంది. నా బల్ల దగ్గర ఆగాడు. ఈ వయసులో కూడా ఈవిడ చేతే కోయిస్తున్నారా, అన్నాడు. చెడ్డగా అనలేదు, ముచ్చటగానే అన్నాడు, ఆ ముచ్చటే నాకు మండింది. చిన్నమేడం ఏదో చెప్పింది, నాకు వినపడలేదు, చెవుల్లో రక్తం పోటెత్తింది. మధ్యాహ్నానికి అవ్వాల్సిన కోత వాళ్ళు టీ తాగి బయటికి వచ్చేలోపు అవ్వాలనుకున్నాను. ఈ వయసు ఏం చేస్తుందో చూడు నాయనా అనుకున్నాను. గుడ్డ పరిచాను, ఉరుకులు పరుగులు, మోకాలు అరుస్తుంటే నోర్మూసుకోమన్నాను, అట్ట పెట్టాను, గీశాను, జరిపాను, గీశాను, కత్తి. వాళ్ళు బయటికొచ్చేసరికి కట్టలు కట్టేసి నవ్వుతూ నిలబడ్డాను. అతను నా వైపు చూడలేదు కూడా, ఫోనులో మాట్లాడుకుంటూ పోయాడు. అంతే, ఇంతకంటే ఏమీ లేదు. కళ్ళు కాదు, గుర్తు కాదు, వయసు కూడా కాదు. వయసు లేదని చూపించడానికి పరుగెత్తాను, ఆ పరుగులో అట్ట తిరగెయ్యలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల అలా పరుగెత్తినా అదే తప్పు చేసేది.

ఇప్పుడు తేలిక దారి ఒకటుంది, దాని గురించి కూడా ఆలోచించకుండా ఎలా ఉంటాను, సన్యాసినా ఏమన్నా. డాక్టరు ఏం చెప్పినా బయటికి వెళ్ళి కళ్ళే అని చెప్పొచ్చు. కాగితం ఎవరడుగుతారు? బొత్తాల దగ్గర కిటికీ ఉంటుంది, కూర్చుని చేసే పని, మోకాళ్ళకి హాయి, మధ్యాహ్నం కబుర్లు. మాస్టరుగారి పోయిన కళ్ళ గురించి అందరూ జాలిపడతారు, నాకు కుర్చీ తెచ్చి వేస్తారు, మంచినీళ్ళిస్తారు. రోజూ పది మంది, ఎలా ఉన్నాయండీ కళ్ళు అని అడుగుతారు, నేను రోజూ అలాగే ఉన్నాయమ్మా అని చెప్పాలి. లేని మసకని రోజూ మోసుకుని తిరగాలి, గుండీ కనపడుతున్నా తడుముకోవాలి. ఛీ. మంచం మీద ఆయన ముందు నవ్విన నవ్వూ ఇదీ ఒకటే, లోపల ఒకటి పెట్టుకుని పైకి ఇంకోటి. నాకు బల్ల కావాలి. బల్ల మీద గుడ్డ పరిచినప్పుడు వచ్చే ఆ కొత్త వాసన, మొదటి పొర మీద అరచెయ్యి ఆనించి గాలి పోయేలా నిమరడం, కత్తి అంచు దాటేటప్పుడు ముంజేతికి తెలిసే ఆ చిన్న అదురు, ఇవి నాకు కావాలి, దేనికీ బదులుగా కాదు, ఎవరికీ చూపించడానికి కాదు. చేతులు ఒకప్పటి కంటే నెమ్మదయ్యాయి, నిజమే. నెమ్మదైతే ఏం, గుడ్డకి తొందర లేదు కదా, తొందర ఎప్పుడూ నాకే. ముసలిదాన్నవడం నేను ఎంచుకున్నది కాదు, అది ఎలాగూ జరుగుతుంది, కానీ ఎలాంటి ముసలిదాన్నవ్వాలన్నది మాత్రం ఇంకా నా చేతిలోనే ఉంది. ఈ ఆలోచన వచ్చాక భయం పోలేదు, భయంతో పాటు ఇంకేదో వచ్చి పక్కన కూర్చుంది. దాన్ని ధైర్యం అంటారేమో, నాకు తెలిసిన పాత ధైర్యంలా మాత్రం లేదు, అది ఇంత నిమ్మళంగా ఉండేది కాదు.

పిలిచారు. ఆడపడుచు నా మోచెయ్యి పట్టుకుని గుమ్మం, కుర్చీ, బల్ల అని చెప్తూ లోపలికి తీసుకెళ్ళింది, ఈసారి నిజంగానే అవసరమైంది. డాక్టరు చిన్నవాడు, గొంతును బట్టి. గడ్డం ఇక్కడ ఆనించండి, పైకి చూడండి, కిందికి చూడండి, కదలకండి. పెద్ద వెలుగు ఒకటి కంట్లోకి వచ్చి నిలబడింది. వెలుగు వెనక అతని ఊపిరి వినపడుతోంది. ఏం పని చేస్తారు అన్నాడు. చెప్పాను. "మీ చూపు చాలా బాగుందమ్మా," అన్నాడు. "కుడి కంట్లో శుక్లం ఇప్పుడే సన్నగా మొదలవుతోంది, ఈ వయసులో అది మామూలే. ఇంకో మూడు నాలుగేళ్ళు దాని జోలికి వెళ్ళక్కర్లేదు. మీ పని మీరు చేసుకోవచ్చు. అసలు ఎందుకొచ్చారు?"

దండం పెట్టి లేచాను. ఇతనికి చెప్పి ఏం లాభం.

బయట బెంచీ మీద కూర్చుని ఫోను తీశాను, అంకెలన్నీ ఒక ముద్ద. "నువ్వు కొట్టు," అని ఆడపడుచు చేతికిచ్చాను. "చిన్నమేడంకి." ఆవిడ నా మొహంలోకి చూసినట్టుంది, ఆవిడ మొహం నాకు కనపడలేదు. పోస్టాఫీసులో ముప్పై ఐదేళ్ళు జనం మొహాలు చూసినావిడ, ఏమీ తెలియనట్టు ఉంటుంది గానీ.

"కళ్ళే అని చెప్పేస్తే పోలా వదినా?" అంది మెల్లగా. "నేనేమీ వినలేదంటాను."

"కళ్ళన్నది సాకని నీకెట్లా తెలుసు?"

"మొన్న నల్ల చీమ దారి తప్పి గోడెక్కుతుంటే కూర్చున్నచోటి నుంచి చూపించావు. మసకంట, మసక."

నవ్వాపుకోలేకపోయాను. ఆవిడ నంబరు కొట్టి ఫోను నా చెవికి ఆనించింది, ఏ మీట నొక్కిందో గానీ గొంతు గట్టిగా బయటికే వినపడింది, పక్కనున్న వాళ్ళు కూడా తలలు తిప్పారు. సరే, విననీ. అటువైపు మిషన్ల చప్పుడు, ఆ చప్పుడులోంచి చిన్నమేడం గొంతు, "చెప్పండి మాస్టరుగారూ, ఏమన్నారు? కళ్ళేనా?"

"కాదమ్మా. కళ్ళు బాగున్నాయి." ఇంకొక్క మాటే ఉంది, అది పెద్దది. "అట్ట నేనే తిరగెయ్యలేదు. ఆ రోజు వచ్చినాయన నా వయసు మాట ఎత్తాడని పంతం పట్టి పరుగెత్తాను. ఆ పరుగులో మర్చిపోయాను. కళ్ళని నీతో అన్నది అబద్ధం."

మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. తలుపు మూసిన చప్పుడు, మిషన్లు దూరమయ్యాయి, తన గదిలోకి వెళ్ళినట్టుంది. ఆడపడుచు నా చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఆ చేతులన్నీ ఆ రోజు రాత్రి ఒకదాని మీద ఒకటి పేర్చి చూశాను," అంది చిన్నమేడం. "నూట ఇరవై. ఒక్కదాంట్లో నూలుపోగు తేడా లేదు. కళ్ళు కనపడని వాళ్ళు అంత చక్కగా తప్పు చెయ్యలేరు మాస్టరుగారూ."

"మరి తెలిశాక కూడా నన్నెందుకు ఆపలేదమ్మా?"

"మీరే చెప్తారేమోనని. చెప్పకపోతే బొత్తాల దగ్గరే కూర్చోబెడదామనుకున్నాను."

పక్కన ఆడపడుచు ఊపిరి వదిలిన చప్పుడు వినపడింది. నేను ఇంకా పట్టుకునే ఉన్నాను.

"కుడి చేతులకి గుడ్డ రేపు పొద్దున్నే వస్తుంది," అంది ఆ పిల్ల. "మధ్యాహ్నానికి కోసేస్తారా?"

పదకొండుకే అయిపోతుందమ్మా అనబోయాను, నోటి చివరిదాకా వచ్చింది, నలభై ఏళ్ళు అదే చెప్పిన నోరు. ఇన్నేళ్ళలో ఆ కార్ఖానాలో ఒక్కరికి కూడా చెప్పని అంకె ఒకటుంది, అడిగితే నవ్వి మాట మార్చేసేదాన్ని. బెంచీ మీద ఉన్నవాళ్ళందరూ వింటున్నారని తెలుసు.

"అవదమ్మా, సాయంత్రం అవుతుంది," అన్నాను. "నాకు అరవై రెండేళ్ళు."

"సాయంత్రమే కానివ్వండి," అంది చిన్నమేడం.